పడక సైకిలుకు గూడు: ముందు గాలి, తర్వాతే పైపు

మా బరంపురం నుంచి గోపాలపూర్ సముద్రం 15, 16 కిలోమీటర్లు. పొద్దున్నే సైకిలెక్కితే గంటలో ఇసుకలో ఉంటాం. మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరితే అదే రోడ్డు ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంటుంది. రోడ్డు చదునే, ఎక్కడా ఎత్తు లేదు. సముద్రపు గాలి ఎదురొస్తుంది, అంతే. దానికి వాన తోడైతే గొడుగు నిలవదు. రెయిన్‌కోటు వేసుకుంటే వానకు తడవం గానీ చెమటకు తడుస్తాం. ఇలా తడిసిన ఒక ఆషాఢంలోనే నాకు గూడు ఉన్న సైకిలు ఆలోచన మొదలైంది.

నేను గూడు కట్టాలనుకున్నది వాలి కూర్చుని తొక్కే సైకిలుకు. దాన్ని ఇంగ్లీషులో రికంబెంట్ అంటారు. మన భాషలో పడక సైకిలు అంటే సరిపోతుంది. పడక కుర్చీలో వాలి కూర్చుని కాళ్లు ముందుకు చాపితే పాదాలు ఎక్కడుంటాయో అక్కడ పెడల్స్ ఉంటాయి. బరువు సన్నటి సీటు మీద కాకుండా వీపు మీద, పిరుదుల మీద పరుచుకుంటుంది. మెడ, మణికట్టు నొప్పులుండవు. గీసిన బొమ్మ పట్టుకుని వెల్డింగ్ షాపుకు వెళ్తే అక్కడాయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బావూ ఇది, మంచానికి చక్రాలేస్తన్నావేటి?" అన్నాడు. తప్పేం అనలేదు. కాకపోతే మంచం చేయించడం తేలిక, దాని మీద దోమతెర కట్టడమే కష్టం.

చాలామంది ఇక్కడే తలకిందులుగా మొదలుపెడతారు. ముందు పైపులు కోసి చట్రం అతికిస్తారు, చక్రాలు తగిలిస్తారు, తొక్కి చూసి మురిసిపోతారు. ఆ తర్వాత దానికో తొడుగు వేద్దామనుకుంటారు. అప్పుడు మోకాలు తొడుగుకు తగులుతుంది, హ్యాండిల్ తిరగదు, పక్కగాలికి బండి చేతిలో ఉండదు. నేనూ మొదట చేసింది ఇదే. రెండు పాత సైకిళ్లు కలిపి ఒక పొడవాటి రెండు చక్రాల బండి చేశాను. బండి బాగానే నడిచింది. గూడు కట్టాక దాన్ని నడిపినవాళ్లు లేరు, నాతో సహా. గూడు చివర్లో కట్టేదే అయినా మిగతావన్నీ అది చెప్పినట్టే ఉండాలని అప్పుడు తెలిసొచ్చింది. ఎన్ని చక్రాలు, ఎంత ఎత్తు, సీటు ఎంత వాలు, అన్నీ.

గాలి సంగతి కొంచెం లెక్కలో చూద్దాం. సైకిలు తొక్కేవాడి శక్తి ముఖ్యంగా రెండు చోట్లకు పోతుంది. టైరు రోడ్డుతో పడే రాపిడి ఒకటి, గాలిని చీల్చుకుపోవడం రెండోది. మొదటిది వేగం రెట్టింపైతే రెట్టింపవుతుంది. రెండోదానికి, గాలి నిలకడగా ఉన్న రోజున వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే పందేలవాళ్లకు గాలి ప్రాణసంకటం, మార్కెట్టుకు వెళ్లేవాడికి అది పెద్ద లెక్కలోది కాదు.

నిటారుగా కూర్చుని తొక్కే మన మామూలు సైకిలును గాలి ఎంత అడ్డుకుంటుందో ఒక అంకెలో చెప్పాలంటే సుమారు 0.6 చదరపు మీటర్లు. ముందునుంచి కనబడే వైశాల్యం, ఆకారం రెండూ కలిసిన అంకె ఇది. పడక సైకిలుకు అది దాదాపు సగం. చుట్టూ మూసిన ఇంటి తయారీ గూడుకు 0.15 వస్తే గొప్పే. విదేశాల్లో ఫ్యాక్టరీలో పోతపోసిన మంచి బళ్లకు 0.1 కన్నా తక్కువ ఉంటుంది.

గాలి లేని రోజున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి మామూలు సైకిలుకు 55 వాట్ల దాకా కావాలి. పూర్తిగా మూసిన గూడుబండి 20 కిలోలు ఎక్కువ బరువున్నా 42 వాట్లు చాలు. ఈ పదమూడు వాట్ల కోసం ఇంత ప్రయాస ఎందుకు అనిపిస్తుంది. ఇప్పుడు అంతే వేగంతో ఎదురుగాలి వస్తోందనుకోండి, మా గోపాలపూర్ రోడ్డులో మధ్యాహ్నం అది మామూలే. మామూలు సైకిలుకు దాదాపు 130 వాట్లు కావాలి, గూడున్నదానికి 61. పక్కలు తెరిచి, ముక్కు, కప్పు, తోక మాత్రం ఉంచి, అడ్డును 0.3 దగ్గర ఆపగలిగితే 86. ఇది పందెం వేగం కాదు, బడికీ బ్యాంకుకూ వెళ్లే వేగమే. తీరప్రాంతంలో గూడుకు న్యాయం జరిగేది ఎదురుగాలి రోజునే.

పందేలవాళ్లు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో షార్ల్ మోషే అనే ఆయన కొడుకు ఆడుకోవడానికి కాళ్లతో తొక్కే చిన్న కారు చేశాడు. అది పెరిగి వెలోకార్ అయింది, తర్వాత రెండు చక్రాల పడక సైకిలైంది. దాని మీద 1933 జూలై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ద్వితీయ శ్రేణి ఆటగాడు ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న ఆస్కర్ ఎగ్ రికార్డు 44.247ను దాటేశాడు. ఓడినవాళ్లకు ఒళ్లు మండింది. 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం సైకిలంటే ఏమిటో కొత్తగా నిర్వచించి పడక సైకిలును పందేల్లోంచి గెంటేసింది. అలా దుకాణాల్లోకి రావాల్సిన బండి షెడ్లలో ఉండిపోయింది. తొడుగు వేసిన పడక సైకిలు సత్తా ఎంతంటే 2016లో అమెరికాలోని నెవాడా రోడ్డు మీద టాడ్ రైకర్ట్ కేవలం కాళ్ల బలంతోనే గంటకు 144.17 కిలోమీటర్ల వేగం చూపించాడు.

ఇది చదివి ఉత్సాహంగా అన్ని వైపులా మూసెయ్యకండి. ఇక్కడ ఎండ ఉంది.

మనిషి కండరం పావు వంతు శక్తినే పెడల్‌కు ఇస్తుంది, మిగతా ముప్పావు వేడి. 100 వాట్లతో తొక్కుతుంటే 300 పైచిలుకు వాట్ల వేడి ఒంట్లోంచి బయటికి పోవాలి. చెమట ఆరితేనే అది పోతుంది. గంటకు దాదాపు అర లీటరు చెమట ఆరాలి, కారడం కాదు. గాలి తగలకపోతే, పైగా మా తీరంలోలా గాలి నిండా తేమ ఉంటే, కారుతుంది గానీ ఆరదు. డెన్మార్క్‌లో కార్ల్ గియోర్గ్ రాస్ముసెన్ అనే ఆయన 1980లలో చేసిన లైట్రా బండి చలికీ మంచుకూ గొప్ప జవాబు. ఆ నమూనాను వైశాఖంలో ఆస్కా రోడ్డు మీదికి తెస్తే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే.

మన పెద్దవాళ్లు దీన్ని ఇంకోలా తేల్చారు. ఎద్దుల గూడుబండి గుర్తు తెచ్చుకోండి. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, ముందూ వెనకా తెరిచి ఉంచేవాళ్లు. ఎండ పైనుంచి, వాన పైనుంచీ పక్కనుంచీ వస్తాయి, గాలి మాత్రం దూరిపోతుంది. ఆ బండి నడిచే వేగానికి అది చాలు. మనది గాలిని చీల్చాల్సిన బండి కనక ముందు ముక్కు మూయాలి. పక్కలు మాత్రం ఆటోల్లోలా ఉండాలి. రెక్సిన్ పరదా చుట్టి పైన కట్టేసి ఉంచడం, చినుకు మొదలైతే దింపుకోవడం. ఈ నిర్ణయానికి రావడానికి నాకు రెండు వేసవులు పట్టింది. సూత్రం మాత్రం ప్రతి ఆటోస్టాండులోనూ కనబడుతూనే ఉంది.

పరదాలు దింపితే ఇంకో చిక్కు వస్తుంది, పక్కగాలి. రెండు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు ఎత్తు పక్కభాగం అంటే ఒకటిన్నర చదరపు మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల గాలి అడ్డంగా తగిలితే 6 కిలోల బరువుతో నెట్టినట్టు. అదే 50 కిలోమీటర్ల విసురైతే 17 కిలోలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మా గోపాలపూర్ దగ్గరే కాబట్టి గాలి మాటను ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అయితే సైకిలుకు భయం తుఫాను కాదు, ఆ రోజు ఎవరూ బయటికి పోరు. భయమంతా మామూలు రోజు హైవే మీదే.

బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్నామనుకోండి. సముద్రం ఎడమవైపు, గాలి ఎడమనుంచి. అది మనల్ని కుడివైపుకు, అంటే లారీలు దాటే వైపుకు నెడుతుంది. తిరుగుప్రయాణంలో గాలి కుడినుంచి వస్తుంది కాబట్టి క్షేమం అనుకుంటాం. కాదు. గాలిని తట్టుకోవడానికి మనం తెలియకుండానే బండిని కుడికి పట్టి ఉంచుతాం. పక్కన లారీ రాగానే అది గాలిని ఆపేస్తుంది, ఆ ఒక్క క్షణం మన బండి లారీ వైపుకే లాగుతుంది. రెండు చక్రాల సైకిలు మీద ఈ తడబాటును ఒళ్లు వంచి సరిచేసుకోవాలి, వాలి కూర్చున్నవాడికి ఒళ్లు వంచే వీలు తక్కువ. నా మొదటి బండి గూడు నాలుగు రోజుల్లో విప్పేసింది ఇందుకే.

అందుకని మూడు చక్రాలు. మూడిట్లో ఒకటి ముందు, రెండు వెనక పెట్టడం తేలిక. రిక్షా వెనక ఇరుసు దొరుకుతుంది, ఒక చక్రానికే తొక్కుడు బలం అందేలా చెయ్యడం రిక్షా మేస్త్రీలకు చెయ్యి తిరిగిన పని. నేనూ అటే మొగ్గాను. గూడు ఒప్పుకోలేదు. గాలికి నచ్చే ఆకారం నీటి చుక్కలాంటిది, ముందు గుండ్రంగా లావుగా, వెనక సన్నగా సాగినట్టు. వెనక రెండు చక్రాలుంటే గూడు వెనక లావవుతుంది, అంటే చుక్క తిరగబడుతుంది. పైగా అలాంటి బండి మలుపులో బ్రేకు వేస్తే ముందు మూలకు వాలుతుంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి పెడితే భుజాలూ చక్రాలూ ఒకే వెడల్పులో ఇమిడిపోతాయి, వెనక తోక సహజంగా సన్నబడుతుంది.

ముందు రెండు పెడితే హ్యాండిల్ వ్యవహారం ముదురుతుంది. మలుపులో లోపలి చక్రం చిన్న చుట్టు, బయటి చక్రం పెద్ద చుట్టు తిరగాలి కాబట్టి రెండూ ఒకే కోణంలో తిరిగితే టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. దీనికి విరుగుడు గుర్రపు బగ్గీల కాలంలోనే దొరికింది. జర్మనీలో గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఆలోచించాడు, 1818లో లండన్‌లో ఆయన తరఫున పేటెంటు తీసుకున్న ఏజెంటు అకర్‌మన్ పేరు స్థిరపడిపోయింది. కష్టం ఒకరిది, పేరు ఒకరిది. మనకు కావాల్సిన సారం ఇంతే. చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ, అంటే కింగ్‌పిన్ నుంచి రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ తగిలే చెవి దాకా ఒక గీత గీసి వెనక్కి పొడిగిస్తే, రెండు వైపుల గీతలూ వెనక చక్రం ఇరుసు మధ్యలో కలవాలి. నేల మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు, కంప్యూటరు అక్కర్లేదు. ఇంకో సంగతి, కింగ్‌పిన్‌ను కొద్దిగా వాల్చి, దాని గీత కిందికి పొడిగిస్తే టైరు నేలను తాకే చోటే పడేలా చూడాలి. అప్పుడు ఒక చక్రం గుంటలో పడినా హ్యాండిల్ చేతిని విదిలించదు. మామూలు సైకిలు హబ్బులో సన్న ఇరుసు రెండు వైపులా పట్టు ఉంటేనే బరువు మోస్తుంది, ఇక్కడ ఒకే వైపు పట్టు. కాబట్టి చక్రాల కుర్చీలకు వాడే లావు ఇరుసు హబ్బులు వెతుక్కోవాలి. ఈ ఒక్కచోట పొదుపు వద్దు. బ్రేకు రెండు ముందు చక్రాలకూ ఒకే లీవరుతో పడాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగేస్తుంది.

ఎత్తు విషయంలో రెండు పంతాలు ఢీకొంటాయి. కిందికి కూర్చుంటే బోల్తా పడదు, పైకి కూర్చుంటే లారీవాడికి కనబడతాం. ముందు చక్రాల మధ్య 75 సెంటీమీటర్లు, బరువులో మూడింట రెండొంతులు ముందు చక్రాల మీద, మనిషీ బండీ కలిసిన బరువు కేంద్రం నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉంటే, పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 26 కిలోమీటర్ల దగ్గర లోపలి చక్రం లేస్తుంది. ఆ కేంద్రాన్ని 60కి పెంచితే అదే మలుపులో 23 దగ్గరే లేస్తుంది. మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, దానికి పక్కగాలి తోడైతే అనిపించదు. నేను ఎత్తుకే ఓటేశాను, మలుపుల్లో మెల్లగా పోవచ్చు, లారీ చక్రం ఎత్తులో తల పెట్టుకుని వెళ్లలేం. ఇంకా కిందికి కూర్చుంటే వీధికుక్కలు సరిగ్గా ముఖం ఎత్తులో పలకరిస్తాయి. ఆ పరిచయం ఒక్కసారి చాలు.

చట్రం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి, మీటరుకు రెండు కిలోల లోపే తూగుతుంది. ఆర్క్ వెల్డింగ్ దీన్ని తట్టుకుంటుంది, పాత సైకిలు పల్చటి గొట్టాలు మాత్రం కాలిపోయి చిల్లులు పడతాయి, వాటికి గ్యాసుతో ఇత్తడి అతుకే వేయించాలి. పెడల్స్ ఉండే ముందు గొట్టం లోపలికీ బయటికీ జరిగేలా ఉంచితే ఇంట్లో అందరూ తొక్కొచ్చు. గోడకు వీపు ఆనించి కూర్చుని కాళ్లు చాపి, గోడ నుంచి అరికాలి దాకా కొలిస్తే మీ కొలత వస్తుంది. చైను మామూలుకు రెండున్నర, మూడు రెట్లు పొడవు కావాలి, మధ్యలో దాన్ని మళ్లించడానికి ఒక పళ్ల చక్రం. గేరు సైకిళ్ల చైను సన్నం, పాత సైకిలు చైను వెడల్పు, రెండూ కలిపి అతకొద్దు. పైపు అడుగున చిన్న చిల్లు వేసి రెడ్ ఆక్సైడ్ పూయండి, ఉప్పుగాలి పైపును లోపలి నుంచే తినేస్తుంది. సీటు మాత్రం నా గర్వం. నవారు మంచం అల్లినట్టు నవారుతో అల్లాను. వీపుకు గాలి ఆడుతుంది, తడిస్తే ఆరుతుంది, జారితే బిగించుకోవచ్చు. వేల రూపాయల మెష్ సీటు చేసే పని ఇదే.

ఇక గూడు. ఎముకలకు వెదురు బద్దలు చాలు, నానబెట్టి వంచితే చెప్పినమాట వింటాయి. చర్మానికి ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు. అట్టపెట్టెలా లోపల గాడులుండే ప్లాస్టిక్, చదరపు మీటరు కిలో కూడా తూగదు, వానకు ఏమీ కాదు. గాడుల వెంబడి తేలిగ్గా వంగుతుంది, అడ్డంగా మొరాయిస్తుంది. కాబట్టి దర్జీ జాకెట్టు కత్తిరించినట్టు ముక్కలుగా ఆలోచించాలి, గిన్నెలా రెండు వైపులా ఒంపు తెద్దామంటే కుదరదు. ముందు అట్టతో చిన్న నమూనా చేసుకుంటే షీటు వృథా కాదు. రెండెండలు తిన్నాక పెళుసెక్కుతుంది, అప్పుడు మార్చుకోవడమే. ఎన్నికలు మన దగ్గర తరచూ వస్తూనే ఉంటాయి.

కొలిచేటప్పుడు కూర్చుని కొలవకండి, తొక్కుతూ కొలవండి. మోకాలు పైకొచ్చినప్పుడు, పాదం ముందుకు పోయినప్పుడు, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఒళ్లు ఎంతవరకు పోతుందో చూసి దాని మీద ఇంకో నాలుగు వేళ్లు ఇవ్వాలి. వర్షంలో వేసుకునే చెప్పుతో సహా. ముందు అద్దం ఎత్తు చూపు కిందనే ఆపాలి, అంటే అద్దంలోంచి కాకుండా అద్దం మీదుగా చూడాలి. వైపరు లేని అద్దంలోంచి వానలో రోడ్డు కనబడదు, ఊపిరికి లోపలివైపు మసకబారుతుంది. అద్దానికి పాలికార్బొనేటు వాడండి, ఆక్రిలిక్ పగిలితే ముక్కలు కత్తుల్లా ఉంటాయి. ముక్కులో అరచేతి అంత కంత ఉంచి, దాని గాలి నేరుగా ఛాతీకి తగిలేలా చూడాలి, పోయే దారి భుజాల వెనక. వచ్చే దారి ఒక్కటీ ఉండి పోయే దారి లేకపోతే ఆ కంత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తప్తపాణి వైపు ఘాట్ రోడ్డు ఎక్కాలనుకునేవాళ్లకు ఒక మాట. వందకు ఐదు ఎత్తు ఉన్న చోట 100 వాట్లతో మామూలు సైకిలు గంటకు 7 కిలోమీటర్లు ఎక్కితే, గూడున్నది 5.8 ఎక్కుతుంది. ఆ వేగంలో గూడు చేసే మేలు ఏమీ లేదు, వేడి తప్ప. కొండ ప్రయాణానికి కప్పు ఉంచి మిగతాది విప్పి ఇంట్లో పెట్టడమే. అందుకే బోల్టులు కాకుండా చేత్తో తిప్పే రెక్కల నట్లు వాడాను. ఇంట్లో పెట్టడం అన్నాను కదా, వెల్డింగ్‌కు ముందు మీ వీధి గుమ్మం వెడల్పు కొలవండి. మావైపు పాత ఇళ్ల గుమ్మాలు రెండున్నర అడుగులు, బండి ఇంకో మూడు వేళ్లు ఎక్కువ. నా బండి ఇప్పటికీ అరుగు మీదే పడుకుంటుంది.

కట్టాక ఆకారం సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి గాలి సొరంగం అక్కర్లేదు. పట్టు నేసే ఇళ్లలో నేత చివర మిగిలే దారపు కొసలు గుప్పెడు అడిగి తెచ్చుకున్నాను. జానెడు ముక్కలుగా కోసి, గూడు మీద ముక్కు నుంచి తోక దాకా జానకొకటి చొప్పున టేపుతో అతికించాను. మా తమ్ముడు స్కూటరు మీద పక్కనే వస్తుంటే వెనక కూర్చున్న మేనల్లుడు ఫోన్లో వీడియో తీశాడు. దారం గూడుకు అతుక్కుని వెనక్కి చూస్తుంటే గాలి ఒద్దికగా జారిపోతోందని అర్థం. పిచ్చెక్కినట్టు ఎగురుతుంటే అక్కడ గాలి గూడును వదిలేసి సుడి తిరుగుతోంది, బండిని వెనక్కి లాగేది అదే. నా భుజాల దాకా దారాలు బుద్ధిగా పడుకున్నాయి. భుజాలు దాటగానే అన్నీ లేచి తైతక్కలాడాయి. నేను తోకను మరీ తొందరగా సన్నబరిచేశాను. ఇంకో అడుగున్నర షీటు తెచ్చి తోక సాగదీసి, మర్నాడు మళ్లీ అదే రోడ్డు మీద తీశాం. చివరి జానెడు తప్ప అన్నీ పడుకున్నాయి.